పావు అంగుళం లెక్క: జంట త్రికోణానికి గుడ్డ ఎంత కత్తిరించాలి?

రెండు రంగుల గుడ్డల్లోంచి ఒక్కో త్రికోణం తీసి, వాలుగా ఉన్న అంచుల్ని కలిపి కుడితే ఒక చదరం వస్తుంది. సగం ముదురు, సగం లేత. అమెరికాలో క్విల్టులు కుట్టేవాళ్లు దీన్ని హాఫ్ స్క్వేర్ ట్రయాంగిల్ అంటారు. మనం జంట త్రికోణం అనుకుందాం. నాలుగు జంట త్రికోణాల్ని ఒకే దిక్కుగా తిప్పుతూ పేరిస్తే పిన్‌వీల్ అవుతుంది. పిల్లలు పుల్లకు గుచ్చి గాలికి తిప్పే కాగితపు చక్రం అదే. పదహారింటిని మరో తీరుగా పేరిస్తే బ్రోకెన్ డిషెస్. షూ ఫ్లై, చర్న్ డాష్ డిజైన్లకు నాలుగు మూలలా నిలిచేది ఈ ముక్కే. బేర్స్ పాలో ఎలుగుబంటి గోళ్లు, ఓషన్ వేవ్స్‌లో అలలు ఈ ముక్కతోనే పుడతాయి.

ఇంత చిన్న ముక్క చుట్టూ పెద్ద తికమక ఉంది. కుట్టడమంతా అయ్యాక 3 అంగుళాల జంట త్రికోణం కావాలంటే గుడ్డను ఎంత చదరంగా కత్తిరించాలి? ఒకచోట 3⅞ అని ఉంటుంది, ఒకచోట 4 అని ఉంటుంది. ఇంకోచోట 5½, మరోచోట 7¾, వేరొకచోట 8. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు వీటిలో ఒకటి ఒప్పు, మిగతావి తప్పు అనుకుంటారు. అన్నీ ఒప్పే. అన్నీ ఒకే లెక్కలోంచి పుట్టినవే. ఆ లెక్క పట్టుబడకుండా పట్టికలు బట్టీ పట్టడం వల్లే మంచి గుడ్డ పాడవుతోందని నా నమ్మకం. అందుకే ఈ ప్రశ్నను మొదలు నుంచి కొస దాకా ఒకసారి విప్పి చూద్దాం.

కొలత అడగని అతుకులు, అడిగే అతుకులు

ముందుగా ఒక మాట. అతుకుపని అంతటికీ ఈ లెక్క అక్కర్లేదు. మన ఇళ్లలో పాత చీరలూ పంచెలూ పొరలుగా పరిచి, చిరిగినచోట అతుకు వేసి, ఈ కొస నుంచి ఆ కొసకు వరుస కుట్లు వేస్తూ బొంత కుట్టిన అమ్మమ్మలు టేపు పట్టుకోలేదు. కర్ణాటకలోని సిద్దీ స్త్రీలు కుట్టే కవంది కూడా అంచు దగ్గర మొదలై, చేతికందిన ముక్కను చేర్చుకుంటూ నడిమికి సాగుతుంది. అమెరికాలోనే అలబామా రాష్ట్రపు జీస్ బెండ్ అనే ఊళ్లో నల్లజాతి స్త్రీలు కంటికి నచ్చినట్టు ముక్కలు కలిపి కుట్టిన క్విల్టులు 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో ప్రదర్శనకు వెళ్లి, గొప్ప కళగా పేరు తెచ్చుకున్నాయి. వాటి అందం కొలత మీద నిలబడింది కాదు.

ఒకే ముక్క వందసార్లు రావాలి, ప్రతి మొనా పక్క ముక్క మొనను తాకాలి అన్నప్పుడే కొలత ప్రాణం అవుతుంది. అలాంటి డిజైన్లను అమెరికన్ పత్రికలు ఇంటింటికీ చేర్చాయి. కాన్సాస్ సిటీ స్టార్ పత్రిక 1928 నుంచి 1961 దాకా క్విల్టు నమూనాలు అచ్చువేసింది. ఆ రోజుల్లో కుట్టేవాళ్లు అట్ట మీద త్రికోణం గీసి కత్తిరించుకుని, దాన్ని గుడ్డ మీద పెట్టి పెన్సిలుతో చుట్టూ గీసి, చుట్టూ పావు అంగుళం వదిలి కత్తెరతో తీసేవాళ్లు. ఆ పద్ధతిలో లెక్క చెయ్యాల్సిన పనే లేదు. అట్ట చుట్టూ పావు అంగుళం వదిలితే, మొన దగ్గర ఎంత ఎక్కువ గుడ్డ కావాలో అంత దానంతట అదే వచ్చేది.

1970ల్లో బార్బరా జొహానా వంటి రచయిత్రులు ముందు కుట్టి తర్వాత కత్తిరించే వేగపు పద్ధతుల్ని పుస్తకాలకెక్కించారు. 1979లో జపాన్‌కు చెందిన ఓల్ఫా కంపెనీ రోటరీ కట్టర్‌ను తెచ్చింది. పిజ్జా కోసే చక్రం లాంటి ఆ కత్తితో, పారదర్శకమైన స్కేలు పక్కన నాలుగు పొరల గుడ్డను ఒక్క ఊపున తెగ్గొయ్యొచ్చు. అట్ట మూలన పడింది. చదరాలు వేగంగా తయారయ్యాయి. అప్పుడే అసలు ప్రశ్న మొదలైంది. అట్ట ఇదివరకు తనంతట తాను చేసిపెట్టిన లెక్క ఇప్పుడు మనిషి చెయ్యాల్సి వచ్చింది.

మూడు కొలతలు, మూడు పేర్లు

తికమకలో సగం పేర్ల వల్ల వస్తుంది. క్విల్టు మొత్తం కుట్టాక పైకి కనిపించే చదరం పరిమాణాన్ని తుది కొలత అందాం. రెండు త్రికోణాలు కలిపి కుట్టి, ఇంకా పక్క ముక్కలతో చేర్చని చదరం పరిమాణాన్ని ముక్క కొలత అందాం. మొదట గుడ్డలోంచి తీసే చదరం పరిమాణం కోత కొలత.

అమెరికన్ క్విల్టు పనిలో కుట్టు మార్జిన్ పావు అంగుళం. దర్జీ జాకెట్టుకు వదిలేంత గుడ్డ ఇక్కడ వదలరు. ముక్కకు రెండు వైపులా పావు చొప్పున అర అంగుళం కుట్టులోకి పోతుంది. కాబట్టి ముక్క కొలత ఎప్పుడూ తుది కొలత కంటే అర అంగుళం ఎక్కువ. 3 అంగుళాల చదరం కనిపించాలంటే చేతిలో 3½ అంగుళాల ముక్క ఉండాలి. పట్టికలో ఒక అంకె చూసినప్పుడు అది ఈ మూడింటిలో ఏ కొలతో ముందు తేల్చుకోవాలి. చాలా పొరపాట్లు అక్కడే ఆగిపోతాయి.

⅞ ఎక్కడి నుంచి వచ్చింది?

మామూలు చదరానికి అర అంగుళం చేరిస్తే చాలు కదా, త్రికోణానికీ అంతే చేరుద్దాం అనుకోవడం సహజం. అలా 3½ చదరాన్ని ఐమూలగా కోసి, త్రికోణాలు కలిపి కుడితే ముక్క 3.15 అంగుళాలే వస్తుంది. తుది కొలత 2.65. ఇలాంటివి నాలుగు వరుసగా పేరిస్తే 12 అంగుళాలు ఉండాల్సిన బ్లాకు 10.6 దగ్గర ఆగిపోతుంది. పక్కన సరిగ్గా కత్తిరించిన మామూలు చదరాలుంటే వాటితో ఇక కలవదు.

తేడా మొన దగ్గర ఉంది. త్రికోణానికి ఒక మూల నిటారుగా ఉంటుంది. అక్కడ మార్జిన్‌కు పావు అంగుళం చాలు. రెండో మూల 45 డిగ్రీల వాడి మొన. పక్క అంచుకు సమాంతరంగా ఒక గీత, వాలు అంచుకు సమాంతరంగా ఇంకో గీత, రెండూ పావు అంగుళం లోపలికి గీసి చూడండి. ఆ గీతలు కలిసే చోటు మొన నుంచి పావు కంటే బాగా లోపలికి జరిగిపోతుంది. ఎంత? పావు అంగుళానికి పావు అంగుళపు చదరం కర్ణాన్ని కలిపితే వచ్చేంత. చదరం కర్ణం భుజానికి 1.414 రెట్లు. పావుకు పావు రెట్లు 1.414 కలిపితే 0.604. నిటారు మూల పావు కూడా చేరిస్తే మొత్తం 0.854 అంగుళం. స్కేలు మీద గీతలు ⅛ చొప్పున ఉంటాయి కాబట్టి దాన్ని పైకి సవరించి ⅞, అంటే 0.875 చేశారు. కోత కొలత అంటే తుది కొలతకు ⅞ చేర్చడం అన్న సూత్రం ఇలా పుట్టింది.

మిగిలిన ఆ 0.021 అంగుళం, అర మిల్లీమీటరు, వృథా కాదు. కుట్టిన తర్వాత గుడ్డ మడత పడేచోట, దారం మందం మీద ఆ కాస్తా ఖర్చవుతుంది.

ఈ 1.414 మనకు కొత్త సంఖ్య కాదు. యజ్ఞవేదికలకు ఇటుకలు కొలిచిన బౌధాయన, ఆపస్తంబ శుల్బ సూత్రాలు చదరం కర్ణానికి ఇచ్చిన కొలత ఇదే: ఒకటికి మూడోవంతు, ఆ మూడోవంతులో నాలుగోవంతు కలిపి, ఆ చివరి దానిలో ముప్పై నాలుగోవంతు తీసెయ్యడం. దశాంశాల్లో అది 1.41421 అవుతుంది. ఆపస్తంబ సూత్రం అని ప్రవర చెప్పుకునే కుటుంబాలు తెలుగునాట ఎన్నో ఉన్నాయి. చదరాన్ని కర్ణం మీద రెండుగా చీల్చిన త్రికోణపు ఇటుకలూ ఆ వేదికల్లో ఉన్నాయి. తాడుతో కొలిచినా స్కేలుతో కొలిచినా చదరం గుణం మారదు.

ఈ లెక్క తెలిస్తే మార్జిన్ ఎంతైనా భయపడక్కర్లేదు. మార్జిన్‌ను 3.414తో గుణించి తుది కొలతకు చేర్చండి. పావు అంగుళానికి 0.854 వచ్చింది. అర అంగుళం మార్జిన్ వదిలే అలవాటున్న దర్జీకి 1.71, అంటే 1¾. సెంటీమీటర్లలో, 1 సెంటీమీటరు మార్జిన్‌తో కుట్టేవాళ్లకు 3.414, సవరిస్తే 3.5, 10 సెంటీమీటర్ల జంట త్రికోణానికి 13.5 చదరం. అంగుళాల పట్టికను 2.54తో గుణించి సెంటీమీటర్లు చేసుకోవడం కంటే ఇది నికరమైన దారి.

కుట్టే దారులు

మొదటిది పాత దారి. రెండు చదరాలు తీసి, ఒక్కోదాన్ని ఐమూలగా కోసి, త్రికోణాల్ని జతచేసి కుట్టడం. తుది కొలతకు ⅞ చేర్చాలి. చిన్నచిన్న మిగులు ముక్కలు వాడుకునేటప్పుడు, చేత్తో కుట్టేటప్పుడు ఇది మంచిదే. కానీ కోసిన వాలు అంచు కుట్టక ముందే చేతుల్లో సాగుతుంది. దాని సంగతి కాసేపట్లో చెప్తాను.

రెండోది ఒకేసారి రెండు. ముదురు చదరం, లేత చదరం ముఖాముఖి పెట్టి, వెనక వైపు ఐమూలగా పెన్సిలుతో గీత గీసి, గీతకు అటు పావు, ఇటు పావు అంగుళం దూరంలో కుట్టి, గీత మీద కోస్తే రెండు జంట త్రికోణాలు. కోత కొలత ఇక్కడా తుది కొలతకు ⅞. చాలామంది మరో ⅛ చేర్చి నిండు అంగుళం పెంచుతారు. కుట్టాక ముక్కను స్కేలుతో చెక్కి సరైన కొలతకు తెచ్చుకుంటారు. 3⅞, 4 అన్న రెండు అంకెలకూ తేడా ఇదే. మొదటిది చెక్కకుండా వాడే కొలత, రెండోది చెక్కి వాడే కొలత.

మూడోది ఒకేసారి ఎనిమిది. పెద్ద చదరాల జత తీసుకుని, రెండు కర్ణాలూ గీసి, ఒక్కో గీతకు రెండు వైపులా కుట్టి, నిలువుగా, అడ్డంగా, రెండు కర్ణాల మీదా కోస్తారు. పెద్ద చదరం నాలుగు చిన్న చదరాలని, ఒక్కోదాంట్లో ఒక్కో కర్ణం ఉందని ఊహించుకుంటే, ఇది రెండో దారినే నాలుగుసార్లు ఒక్కచోట చెయ్యడమని తెలుస్తుంది. అందుకే సూత్రం రెట్టింపు: తుది కొలతకు రెండింతలు, దానికి 1¾. చెక్కుకునేందుకు వీలుండాలంటే 2. 3 అంగుళాలకు 7¾ లేదా 8 వచ్చింది ఇలాగే. దీన్నే ఇంకా పెంచి, గుడ్డ మీద గళ్లు గీసి, లేదా గీతలు అచ్చువేసిన కాగితం పిన్నుచేసి పదులకొద్దీ ఒకేసారి కుట్టేవాళ్లున్నారు. ప్రతి గడీ తుది కొలతకు ⅞ చేర్చినంత ఉండాలన్న నియమం మాత్రం మారదు.

నాలుగోది ఒకేసారి నాలుగు. దీని లెక్క వేరు. చదరాల జత చుట్టూ నాలుగు అంచులా పావు అంగుళం దూరంలో కుట్టేసి, రెండు కర్ణాల మీదా కోస్తారు. నాలుగు ముక్కలు విప్పితే నాలుగు జంట త్రికోణాలు. ఇక్కడ మొదటి చదరం అంచు కొత్త ముక్కకు కర్ణం అవుతుంది. అందుకే ముక్క కొలతను 1.414తో గుణించి అర అంగుళం చేర్చాలి. 3½ ముక్కకు 4.95, అర కలిపితే 5.45, కొయ్యడానికి 5½. 5½ అన్న అంకె కథ ఇది.

ప్రత్యేకమైన త్రికోణపు స్కేలుతో పట్టీల్లోంచి నేరుగా త్రికోణాలు కోసే దారి కూడా ఒకటి ఉంది. అందులో పట్టీ వెడల్పు తుది కొలతకు అర అంగుళం చేరిస్తే చాలు, ఎందుకంటే మొనను స్కేలే ముందుగా మొద్దు చేసేస్తుంది.

0.64 సూత్రం సంగతి

నాలుగో దారిలో కుట్టేవాళ్లలో ఒక చిట్కా బాగా వాడుకలో ఉంది: చదరాన్ని 0.64తో గుణిస్తే ముక్క కొలత వస్తుంది, ముక్క కొలతను 0.64తో భాగిస్తే చదరం వస్తుంది అని. గుర్తుంచుకోవడానికి తేలిక. కానీ ఇది అన్ని కొలతలకూ నిలవదు. మార్జిన్ అన్నది ముక్క పెరిగినా తరిగినా పావు అంగుళమే. గుణకారంతో మాత్రమే నడిచే సూత్రం ఆ మారని పావును పట్టుకోలేదు.

పరీక్షించి చూద్దాం. 10 అంగుళాల చదరానికి చిట్కా 6.4 అంటుంది. అసలు లెక్క ప్రకారం 10లోంచి అర తీసి 1.414తో భాగించాలి: 6.72. చిట్కాను నమ్మితే నష్టం లేదు, కాస్త గుడ్డ వృథా. ఒక అడుగు ముందుకెళ్లి లెక్కిస్తే 6½ ముక్క, అంటే 6 అంగుళాల తుది కొలత హాయిగా వస్తుంది; చిట్కా దాన్ని మన చేతిలోంచి తీసేస్తుంది. 5 అంగుళాల చదరానికి చిట్కా 3.2 ఇస్తుంది, అసలు 3.18. దాదాపు సరిపోయింది. 4 అంగుళాల చదరానికి చిట్కా 2.56 ఇస్తుంది, అసలు 2.475. 2½ ముక్క కావాలనుకున్నవాళ్లకు ఇక్కడ గుడ్డ చాలదు. ముక్క కొలత 3.37 అంగుళాల కంటే తగ్గితే, కావాల్సిన చదరాన్ని ఈ చిట్కా ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. చిన్న త్రికోణాలు కుట్టేవాళ్లు దీన్ని పూర్తిగా పక్కన పెట్టాలి. 1.414తో గుణించి అర చేర్చడం ఫోనులోని కాలిక్యులేటరుకు రెండు మీటల పని.

పడుగు, పేక, ఐమూల

ఏ దారిలో కుట్టాలన్నది గుడ్డ నేత తేలుస్తుంది. నేతలో పడుగు ఒక దిక్కు, పేక అడ్డం. ఆ రెండు దిక్కులా గుడ్డ లాగితే సాగదు, లేదా కొద్దిగానే సాగుతుంది. ఐమూలగా లాగితే రబ్బరులా సాగుతుంది. జాకెట్టు కుట్టే దర్జీకి ఇది బాగా తెలుసు. క్రాస్ కటింగ్ జాకెట్టు ఒంటికి అంటిపెట్టుకున్నట్టు కూర్చోవడం ఈ గుణం వల్లే. జాకెట్టుకు వరమైన ఆ సాగుడు క్విల్టు ముక్కకు శత్రువు. ఐమూల అంచు సాగితే చదరం చదరంగా ఉండదు, బ్లాకు అంచులు అలల్లా లేస్తాయి.

మొదటి దారిలో ఐమూల అంచును కోసి, తర్వాత కుడతాం. సాగే అవకాశం కుట్టుకు ముందే ఉంది. ఒకేసారి రెండు, ఒకేసారి ఎనిమిది వచ్చే దారుల్లో కుట్టి, తర్వాత కోస్తాం. ఐమూల అంచును దారం అప్పటికే పట్టుకుని ఉంటుంది. బయటి నాలుగు అంచులూ పడుగు, పేకల మీదే ఉంటాయి. ఒకేసారి నాలుగు వచ్చే దారిలో ఇది తలకిందులవుతుంది. నడిమి కుట్టు నేత మీద పడుతుంది, బయటి నాలుగు అంచులూ ఐమూల అవుతాయి. ఇస్త్రీ పెట్టె కాస్త ఈడ్చినా ముక్క వంకర పోతుంది. ఆ ముక్కల్ని క్విల్టు చివరి అంచులో వాడకూడదు.

గుడ్డ ఎంత ఖర్చవుతుంది?

నిండు అంగుళం చేర్చి చెక్కితే గుడ్డ దండగ కదా అన్న మాట తరచూ వినిపిస్తుంది. 3 అంగుళాల జంట త్రికోణాలు 48 కావాలనుకుందాం. ఒక్కో రంగులో 24 చదరాలు. గుడ్డ పన్నాలో అంచులు తీసేస్తే వాడుకోదగింది 42 అంగుళాలు అనుకుంటే, 3⅞ చదరాలైనా 4 చదరాలైనా ఒక పట్టీలో 10 పడతాయి. రెంటికీ మూడేసి పట్టీలు. 3⅞ లెక్కన 11⅝ అంగుళాల గుడ్డ, 4 లెక్కన 12 అంగుళాలు. 48 ముక్కలకు ఒక్కో రంగులో తేడా ⅜ అంగుళం మాత్రమే.

దారుల మధ్య తేడా కూడా అంతంతే. ఒక్కో జంట త్రికోణానికి పట్టే గుడ్డ రెండు దారిలో 3⅞ కొలతతో 15 చదరపు అంగుళాలు, నాలుగు దారిలో 5½ కొలతతో 15.1, ఎనిమిది దారిలో 7¾ కొలతతో మళ్లీ 15. నిండు అంగుళం చేరిస్తే 16.

గుడ్డను అసలు తినేది చిన్న ముక్క. నిండు అంగుళం చేర్చే లెక్కన 6 అంగుళాల తుది కొలతకు 49 చదరపు అంగుళాల గుడ్డలో 36 పైకి కనిపిస్తాయి. 3 అంగుళాలకు 16లో 9. 2 అంగుళాలకు 9లో 4. ఒక్క అంగుళానికైతే 4లో ఒకటే. ముప్పావు వంతు కుట్టులోకీ, చెక్కుడులోకీ పోతుంది. గుడ్డ పొదుపు చెయ్యాలనుకునేవాళ్లు ⅛ దగ్గర బాధపడటం మాని డిజైన్‌లో ముక్క పరిమాణం పెంచుకోవడం మంచిది.

మిషన్ దగ్గర, ఇస్త్రీ దగ్గర

ఎంత సరిగ్గా కత్తిరించినా కుట్టు తప్పితే లెక్క తప్పుతుంది. మార్జిన్ పావు కంటే ఒక్క పదహారో వంతు ఎక్కువ పడితే, కుట్టుకు రెండు వైపులా కలిపి ⅛ పోతుంది. ఎనిమిది కుట్లున్న వరుసలో అంగుళం మాయం. అందుకే అనుభవజ్ఞులు పావు కంటే ఒక దారం తక్కువలో కుడతారు. మీ మిషన్ మీద ఆ తావు ఎక్కడుందో తెలుసుకోవడానికి పాత పరీక్ష ఒకటుంది. 1½ అంగుళాల వెడల్పు పట్టీలు మూడు పక్కపక్కన కుట్టి ఇస్త్రీ చెయ్యండి. నడిమి పట్టీ సరిగ్గా ఒక అంగుళం కనిపిస్తే మార్జిన్ సరే. తక్కువైతే కుట్టు లోపలికి వెళ్తోంది, ఎక్కువైతే అంచుకు జరుగుతోంది.

చెక్కడంలోనూ వరుస ఉంది. స్కేలు మీది 45 డిగ్రీల గీతను ముక్క మధ్య కుట్టు మీద సరిగ్గా పెట్టి, రెండు అంచులు తీసి, ముక్కను తిప్పి, కావాల్సిన కొలత గీతల్ని ఆ తీసిన అంచులకు చేర్చి మిగతా రెండూ తియ్యాలి. కుట్టు రెండు మూలల్లోంచీ సరిగ్గా బయటికి వెళ్తేనే మొనలు తర్వాత కలుస్తాయి. ఇస్త్రీ పెట్టెను ఈడ్చకూడదు, ఎత్తి ఎత్తి పెట్టాలి.

మన గుడ్డలతో కుట్టేటప్పుడు

ఈ డిజైన్లు అమెరికా నుంచి వచ్చినా, వాటికి పనికొచ్చే నూలు గుడ్డకు మనకు కొదవ లేదు. అయితే మన గుడ్డల స్వభావం తెలుసుకుని వాడాలి. చేనేత నూలు గుడ్డ కొంత వదులు నేతలో ఉంటే ఐమూల ఇంకా ఎక్కువ సాగుతుంది. ఉతికితే కుంచించుకుపోతుంది. అందుకే ముందు ఉతికి, గంజి పెట్టి, గట్టిగా ఇస్త్రీ చేసి, ఆ తర్వాతే స్కేలు పెట్టాలి. గంజి పెట్టిన గుడ్డ కాగితంలా నిలబడుతుంది; ఐమూల అంచు చెప్పినమాట వింటుంది. మన అమ్మలు పంచెలకు పెట్టిన గంజికి ఇంతకంటే మంచి ఉపయోగం నేనెక్కడా చూడలేదు.

రంగు వదిలే గుడ్డను లేత రంగు పక్కన కుట్టే ముందు విడిగా తడిపి చూడాలి. అచ్చు కలంకారీలా పూవులూ నెమళ్లూ నిలువుగా నిలబడే గుడ్డలతో మరో జాగ్రత్త అవసరం. జంట త్రికోణాల్ని తిప్పి పేర్చినప్పుడు కొన్ని పూవులు నిలువుగా, కొన్ని పక్కకు, కొన్ని తలకిందులుగా వస్తాయి. నాలుగు దారిలో అయితే నేతే ఐమూల అవుతుంది కాబట్టి పూవులన్నీ వాలిపోతాయి. నేను మొదట ఇలా పేర్చినప్పుడు నెమళ్లన్నీ ఒరిగి కనిపించాయి. అప్పటి నుంచి దిక్కున్న అచ్చు గుడ్డల్ని త్రికోణాలకు వాడటం మానేసి, మామూలు చదరాలకే ఉంచుకుంటున్నాను. పోచంపల్లి ఇక్కత్తులో నమూనా అంచులు నూలుపోగు వెంట కాస్త అటూ ఇటూ ఉంటాయి. కోతకు నమూనాను చూడొద్దు, పోగును చూడాలి.

దగ్గరి బంధువులు

ఇదే లెక్క మరో రెండు ముక్కలకూ పనికొస్తుంది. చదరాన్ని రెండు కర్ణాల మీదా కోసి నాలుగు త్రికోణాలు తీస్తే, వాటి పొడవు అంచుకు రెండు వైపులా వాడి మొనలే. అందుకే మార్జిన్‌ను 4.828తో గుణించాలి, పావు అంగుళానికి 1.207, సవరిస్తే 1¼. ఓహాయో స్టార్ వంటి నక్షత్రాల్లో ఉండే నాలుగు త్రికోణాల చదరానికి ఈ 1¼ కొలత. ఎగిరే బాతుల్లా కనిపించే ఫ్లయింగ్ గీస్ ముక్కల్లో రెండూ కలిసి వస్తాయి. 2 అంగుళాల ఎత్తు, 4 అంగుళాల వెడల్పు ఉన్న బాతులు నాలుగు ఒకేసారి కావాలంటే పెద్ద చదరం 4కు 1¼ చేర్చి 5¼. రెక్కలకు చిన్న చదరాలు నాలుగు, 2కు ⅞ చేర్చి 2⅞. ఒక్క మొన దగ్గరి లెక్క తెలిస్తే ఇవన్నీ ఎవరినీ అడక్కుండా వస్తాయి.

చివరి మాట

ఇన్ని దారులు చూశాక నా తీర్పు ఇది. కొత్తవాళ్లకూ, ఎక్కువ ముక్కలు కుట్టేవాళ్లకూ రెండు లేదా ఎనిమిది దారి, నిండు కొలత చేర్చి చెక్కుకోవడం అన్నిటికంటే నమ్మకమైనది. రెండుకు తుది కొలతకు 1 చేర్చండి. ఎనిమిదికి రెండింతలు చేసి 2 చేర్చండి. ⅛ గుడ్డ పెట్టి కొనుక్కునేది ప్రతి మొనా కలిసే నిశ్చింత. మార్జిన్ చేతికి బాగా అలవాటైనవాళ్లు ⅞ దగ్గరే ఆగి చెక్కుడు మానొచ్చు. నాలుగు దారిని 5, 10 అంగుళాల తయారు చదరాలు చేతిలో ఉన్నప్పుడు, గంజి పెట్టి, ఐమూల అంచులు వెంటనే ఇంకో కుట్టులో బిగిసే చోట మాత్రమే వాడండి. 0.64ను చిన్న ముక్కలకు వాడొద్దు.

ఒక్క విన్నపం. ఏ పట్టికనైనా, ఈ వ్యాసంలోని అంకెల్నైనా నమ్మి గుడ్డంతా ఒకేసారి కోసెయ్యకండి. ముందు ఒక్క జత కోసి, కుట్టి, ఇస్త్రీ చేసి, స్కేలు పెట్టి చూడండి. అది సరిపోయాకే రెండో జత మీద కట్టర్ పెట్టండి.